ఆరు రోజుల బిడ్డకు అయోర్టా ఇరుకైతే ఆపరేషన్ ఇప్పుడే ఎందుకు

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీది పరకాల దగ్గరి ఊరు, మొదటి కాన్పు, బాబు, 2.8 కిలోలు. హనుమకొండలో పెద్దాపరేషన్ చేసి తీశారు. మూడో రోజు దాకా బాగానే పాలు తాగాడు. నాలుగో రోజు సాయంత్రం నుంచి రొమ్ము పట్టి రెండు గుక్కలకే వదిలేయడం, తలంతా చెమటలు, ఆయాసం, కాళ్ళు చల్లబడటం. ఎకో (గుండె స్కాన్) తీసి ‘అయోర్టా కోఆర్క్టేషన్’ అన్నారు, అంటే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఒకచోట ఇరుకైందని. సిరంజి పంపుతో మందు మొదలుపెట్టాక కాళ్ళు వెచ్చబడ్డాయి, మూత్రం వస్తోంది. రేపు హైదరాబాద్ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించమంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు ‘ఇంత పసిగుడ్డుకు కత్తి పెట్టించొద్దు, ఏడాది నిండనీ’ అంటున్నారు, మీ బావగారు బెలూన్‌తో అయిపోతుందట కదా అంటున్నారు. మధ్యలో మీకు నిద్ర లేదు.

నేను పిల్లల డాక్టర్ని. ఇరవై రెండేళ్ళుగా వరంగల్, హనుమకొండల్లో పుట్టిన బిడ్డల వార్డుల్లోనే పని చేస్తున్నాను. గుండె ఆపరేషన్లు చేసేది నేను కాదు. చేసేవాళ్ళ దగ్గరికి బిడ్డ బతికి చేరేలా పంపడం, ఆపరేషన్ అయ్యి తిరిగొచ్చాక ఏళ్ళ తరబడి చూసుకోవడం నా పని. మీ బాబును నేను చూడలేదు కాబట్టి, నేను చెప్పేదానికి, ఎకో చూసిన డాక్టర్ చెప్పేదానికి తేడా వస్తే ఆయన మాటే వినండి.

ముందు అసలు మాట. ఏడాది ఆగడం కుదరదు. నెల ఆగడం కూడా కుదరదు. ఇప్పుడు బాబు బాగున్నట్టు కనిపించడం ఆ మందు వల్లే. ఆ మందు ఆగితే కొన్ని గంటల్లో మళ్ళీ నాలుగో రోజు సాయంత్రానికి వచ్చేస్తాడు, ఈసారి అంతకన్నా దిగజారి. బిడ్డ ఇలా తేరుకుని ఉన్నప్పుడే ఆపరేషన్ చేయించడం మంచిది.

ఎందుకో చెబుతాను. ఇది అర్థమైతే మీ పెద్దవాళ్ళకు మీరే చెప్పగలుగుతారు.

గుండె నుంచి ఒళ్ళంతటికీ రక్తం మోసుకెళ్ళే పెద్ద నాళం అయోర్టా. గుండె మీంచి వంపు తిరిగి, తలకూ చేతులకూ కొమ్మలు ఇచ్చి, వెన్ను పక్కగా కిందికి దిగుతుంది. కడుపు, కిడ్నీలు, కాళ్ళు అన్నిటికీ రక్తం దాని నుంచే. ఎడమ చేతికి వెళ్ళే కొమ్మ దాటగానే మీ బాబుకు ఆ నాళం నొక్కేసినట్టు ఇరుకుగా ఉంది. నెల నిండని బిడ్డకు అక్కడ నాళం మామూలుగానే పెన్సిల్ కన్నా కాస్త సన్నం. ఇరుకు పడ్డ చోట ఒకటి రెండు మిల్లీమీటర్లే మిగలవచ్చు.

మరి మూడు రోజులు ఎలా బాగున్నాడు? తల్లి కడుపులో బిడ్డ ఊపిరి పీల్చడు కాబట్టి ఊపిరితిత్తులకు ఎక్కువ రక్తం అక్కర్లేదు. అందుకని ఊపిరితిత్తుల నాళం నుంచి అయోర్టాకు ఒక అడ్డదారి నాళం ఉంటుంది. దాన్ని డక్టస్ అంటాం. పుట్టాక దానితో పని లేదు, మొదటి రెండు మూడు రోజుల్లో తనంతట తానే ముడుచుకుపోతుంది. మన వైపు కాలువలు చూసే ఉంటారు. చెరువు తూము నుంచి వచ్చే పెద్ద కాలువ ఒకచోట పూడుకుపోయినా, పక్కనుంచి ఒక పిల్లకాలువ వచ్చి పూడిక దాటాక కలుస్తుంటే కింది పొలాలు ఎండవు. పిల్లకాలువకు అడ్డుకట్ట వేసిన రోజే సంగతి బయటపడుతుంది. మీ బాబుకు జరిగింది అదే. ఇంకో చిక్కు కూడా ఉంది. డక్టస్ గోడలో ముడుచుకునే గుణం ఉన్న కణజాలం అయోర్టా గోడలోకి కూడా పాకి ఉంటుంది. డక్టస్ మూసుకునేటప్పుడు అది అయోర్టాను కూడా తనతో పాటు బిగిస్తుంది. అందుకే పుట్టిన రోజు పరీక్షలో బాగున్న బిడ్డ, నాలుగో రోజో వారం రోజులకో ఒక్కసారిగా కుప్పకూలుతాడు. దీన్ని మొదటి రోజే ఎందుకు పట్టుకోలేదని మీరు కోపంగా రాశారు. కోపం అర్థమవుతుంది. కానీ డక్టస్ తెరుచుకుని ఉన్న రోజుల్లో ఇది నిజంగానే దొరకకుండా పోతుంది. ఐదో నెల టిఫా స్కాన్‌లో కూడా చాలాసార్లు దొరకదు, ఎందుకంటే కడుపులో ఉన్నప్పుడు ఆ అడ్డదారి పూర్తిగా తెరుచుకునే ఉంటుంది.

పంపుతో ఎక్కిస్తున్న మందు ప్రోస్టాగ్లాండిన్ ఈ1, ఆల్‌ప్రోస్టాడిల్ అని కూడా రాస్తారు. మూసుకుపోతున్న డక్టస్‌ను మళ్ళీ తెరిపిస్తుంది. ఒంట్లో నిమిషాల్లోనే కరిగిపోతుంది కాబట్టి సూదిలా ఒకసారి వేసి వదిలేసేది కాదు, చుక్క ఆగకుండా ఎక్కుతూనే ఉండాలి. 1970ల నడుమ ఈ మందు సంగతి తెలిసేదాకా ఇలాంటి పసిబిడ్డల్లో చాలామంది ఆపరేషన్ బల్ల దాకా కూడా చేరేవాళ్ళు కాదు. కోఆర్క్టేషన్‌కు ఆపరేషన్ మాత్రం అంతకు ముప్పై ఏళ్ళ ముందే వచ్చింది. 1944లో స్టాక్‌హోమ్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ మొదట చేశారు. అప్పట్లో ఆ ఆపరేషన్ అందింది పుట్టిన వారాలు దాటి బతికిన పెద్ద పిల్లలకూ, పెద్దవాళ్ళకూ మాత్రమే.

ఈ పెద్ద పిల్లల సంగతి వల్లే మీ ఇంట్లో ‘ఆగుదాం’ అన్న మాట వచ్చి ఉంటుంది. పదేళ్ళకో పదిహేనేళ్ళకో తలనొప్పి అని వెళ్తే బీపీ ఎక్కువుండి, అప్పుడు కోఆర్క్టేషన్ బయటపడ్డవాళ్ళు ఉంటారు. నేనూ చూశాను. వాళ్ళకు ఇరుకు తక్కువ. ఏళ్ళ మీద ఛాతీలోని చిన్న నాళాలు పెద్దవై చుట్టుదారిలో కిందికి రక్తం చేరవేస్తాయి. అలాంటివాళ్ళకు ముహూర్తం చూసుకుని చేయించుకునే వ్యవధి ఉంటుంది. డక్టస్ మూసుకోగానే కాళ్ళు చల్లబడ్డ బిడ్డకు ఆ చుట్టుదారులు పెరిగే టైమ్ లేదు. పేరు ఒకటే గానీ ఈ రెండూ ఒకటి కాదని మీ నాన్నగారికి చెప్పండి. ఇక మందు మీదే నెలల తరబడి ఉంచడమూ కుదరదు. దానివల్ల ఊపిరి ఆగడం, జ్వరం, బీపీ పడిపోవడం వస్తాయి, పైగా మందు ఎక్కించడానికి నాళంలో పెట్టిన లైన్లకు ఇన్‌ఫెక్షన్ భయం. నెలలు నిండక ముందే పుట్టి కిలోన్నర కూడా లేని బిడ్డలకు కొన్నాళ్ళు మందు మీద ఉంచి బరువు పెరిగేదాకా చూస్తారు. 2.8 కిలోల మీ బాబుకు ఆ అవసరం లేదు.

బెలూన్ గురించి. మీ బావగారు చెప్పింది తప్పు కాదు, కానీ ఈ వయసుకు సరిపోదు. తొడలోని నాళం నుంచి తీగ పంపి, ఇరుకు దగ్గర బెలూన్ ఊదితే అప్పటికి తెరుచుకుంటుంది. కానీ ముడుచుకునే ఆ కణజాలం అక్కడే ఉంటుంది కదా, కొన్ని వారాల్లోనో నెలల్లోనో మళ్ళీ బిగుస్తుంది. ఆపరేషన్‌లో ఆ ముక్కనే కోసి తీసేస్తారు. పైగా ఇంత చిన్న కాలి నాళంలో తీగ పెడితే ఆ నాళం మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఆపరేషన్‌కు తట్టుకోలేనంత సీరియస్‌గా ఉన్న బిడ్డకు ప్రాణం నిలబెట్టడానికి బెలూన్ చేస్తారు. ఆపరేషన్ చేసిన చోట తర్వాత ఎప్పుడైనా మళ్ళీ ఇరుకైతే మాత్రం మొదట గుర్తొచ్చేది బెలూనే, అక్కడ అది చక్కగా పని చేస్తుంది. స్టెంట్ సంగతి కూడా ఎవరో ఒకరు అంటారు. బిడ్డ పెరుగుతాడు, స్టెంట్ పెరగదు.

ఇక ఆపరేషన్ ఎలా చేస్తారో చెబుతాను, ఎందుకంటే ‘గుండె కోసి ఆపుతారట’ అన్న మాట విని మీ ఆవిడ ఏడుస్తోందని రాశారు. మీ బాబుకు గుండెలో ఇంకే లోపం లేదని, అయోర్టా వంపు కూడా బాగానే ఉందని ఎకోలో రాశారంటున్నారు. అలాగైతే గుండెను ఆపరు, కోయరు, గుండె-ఊపిరితిత్తుల మెషీన్ కూడా సాధారణంగా అక్కర్లేదు. బాబును కుడి పక్కకు పడుకోబెట్టి, ఎడమ భుజం రెక్క కింద, వీపు వైపు చిన్న గాటు పెడతారు. పక్కటెముకల సందులోంచి లోపలికి వెళ్ళి ఎడమ ఊపిరితిత్తిని మెల్లగా పక్కకు నెడతారు. అయోర్టా అక్కడే కనిపిస్తుంది. ఇరుకుకు పైనా కిందా చుట్టూ విడదీసి, రెండు వైపులా రక్తాన్ని ఆపే క్లాంపులు (చిన్న పట్టకార్లు) పెడతారు. డక్టస్‌ను ముడేసి కత్తిరిస్తారు. ఇరుకైన ముక్కను మొత్తం తీసేసి, కింది కొసను పైకి తెచ్చి, వంపు అడుగు భాగాన్ని పొడుగ్గా తెరిచి, అతుకు వెడల్పుగా వచ్చేలా కుడతారు. కుట్టే దారం మన వెంట్రుకంత సన్నగా ఉంటుంది, సర్జన్ భూతద్దాల కళ్ళజోడు పెట్టుకుని కుడతారు. క్లాంపు ఉండేది సుమారు ఇరవై, ముప్పై నిమిషాలు. ఆ కాసేపు వెన్నుపాముకు రక్తం తగ్గుతుంది కాబట్టి ముందే ఒంటి వేడిని ఒకటి రెండు డిగ్రీలు దిగనిస్తారు. క్లాంపు తీశాక కాలి నాడి వచ్చిందా లేదా అని చూస్తారు. ఆ నాడి బాగా అందితే ఆపరేషన్ కుదిరినట్టే.

హైదరాబాద్‌లో మళ్ళీ ఎకో తీసినప్పుడు వంపు కూడా సన్నగా ఉందనో, గుండెలో రంధ్రం కూడా ఉందనో తేలితే మాట మారుతుంది. అప్పుడు ఛాతీ ముందు నుంచి, మెషీన్ మీద చేయాల్సి రావచ్చు. అది పెద్ద ఆపరేషన్. అలా చెబితే ‘మొదట ఒకటి చెప్పి ఇప్పుడు ఇంకోటి చెబుతున్నారు’ అనుకోకండి.

ప్రమాదం ఎంత అని సూటిగా అడిగారు. గుండెలో ఇంకే లోపం లేకుండా, మందు మీద తేరుకుని, అలవాటున్న టీమ్ చేతిలో పడ్డ బిడ్డల్లో నూటికి ఒకరిద్దరికి మించి పోగొట్టుకోరు. షాక్‌లో, కిడ్నీలు దెబ్బతిన్న స్థితిలో బల్ల ఎక్కినవాళ్ళకు ప్రమాదం దీనికి కొన్ని రెట్లు. వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు పడిపోవడం అన్ని వయసుల వాళ్ళనూ కలిపినా నూటికి ఒకటి కన్నా తక్కువ. గొంతు నరం అక్కడే ఉంటుంది కాబట్టి కొందరికి కొన్ని వారాలు ఏడుపు బొంగురుగా వస్తుంది. ఆపరేషన్ తర్వాత ఛాతీలో ఉంచే గొట్టంలోంచి పాలలాంటి ద్రవం రావచ్చు, అప్పుడు కొన్నాళ్ళు పాలు మార్చి ఇస్తారు. మొదటి రోజుల్లో బీపీ పెరుగుతుంది, దానికి మందులు ఎక్కిస్తారు. చూడగానే భయపడకండి, అది వాళ్ళు ఎదురుచూసేదే. పాలు కూడా వెంటనే మొదలుపెట్టరు, ఇన్నాళ్ళు తక్కువ రక్తానికి అలవాటుపడ్డ పేగుకు ఒక్కసారిగా రక్తం హోరున వస్తుంది కాబట్టి ఒకటి రెండు రోజులు ఆగి, కొద్దికొద్దిగా ఇస్తారు. అంతా సాఫీగా సాగితే వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో ఇంటికి వస్తారు. చంటితనంలో చేసినవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి అతుకు దగ్గర మళ్ళీ ఇరుకు రావచ్చు, అది ఎక్కువగా మొదటి ఏడాదిలోపే తెలుస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కూడా చెప్పాలి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి ఏటూరునాగారం వైపు నుంచి ఎనిమిది రోజుల పాపను రాత్రి పదకొండింటికి తెచ్చారు. బూడిద రంగు, చల్లటి ఒళ్ళు, మూలుగు. చంటిబిడ్డ ఇలా వస్తే మొదట అనుకునేది ఇన్‌ఫెక్షన్. నేనూ అదే అనుకున్నాను. యాంటీబయాటిక్ మొదలుపెట్టాను, షుగర్ సరిచేశాను, బీపీ కోసం సెలైన్ ఒకటికి రెండుసార్లు ఎక్కించాను. ఎక్కించిన కొద్దీ ఆయాసం పెరిగింది. తెల్లవారుజామున మా సీనియర్ మేడమ్ వచ్చి, ఏ కాగితమూ చూడకుండా ముందు పాప గజ్జల్లో వేలు పెట్టారు. తర్వాత కుడి మోచేతి దగ్గర. ‘చేతిలో కొడుతోంది, కాళ్ళలో లేదు’ అన్నారు. అప్పుడు మా ఊళ్ళో ఈ మందు దొరికేది కాదు. హైదరాబాద్ నుంచి తెప్పించేలోపే పాప పోయింది. నేను ఆ రాత్రి అంతా ఆ పాప పక్కనే ఉన్నాను, అన్నీ చేశాను, ఆ ఒక్క చోట చెయ్యి పెట్టలేదు.

అప్పటి నుంచి నా చేతి కింద నుంచి ఇంటికి వెళ్ళే ఏ బిడ్డకైనా గజ్జల్లో నాడి చూడకుండా సంతకం పెట్టలేదు. దానికి మెషీన్ అక్కర్లేదు. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు, కాలు కొంచెం పక్కకు చాపి, గజ్జ మడత నడిమధ్యన చూపుడు వేలి కొస ఆనించాలి. గట్టిగా నొక్కితే ఆ కాస్త నాడి కూడా పోతుంది. పావు నిమిషం ఓపిక పడితే వేలి కింద పిచ్చుక గుండెలా టకటక తగులుతుంది. మరో చేత్తో కుడి మోచేయి మడతలో చూస్తే రెండూ ఒకే బలంతో తగలాలి. కుడి చేతి బీపీ కాలి బీపీ కన్నా 20 దాటి ఎక్కువుంటే ఎకో తీయించాల్సిందే. పుట్టిన మర్నాడు కుడి చేతికీ కాలికీ పల్స్ ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే మెషీన్) పెట్టి చూడటం కూడా మంచి అలవాటు, 95 కన్నా తక్కువైనా, రెండింటికీ తేడా 3 కన్నా ఎక్కువైనా మళ్ళీ చూడాలి. కానీ కోఆర్క్టేషన్ ఆ మెషీన్‌కు కూడా చిక్కకపోవచ్చు. ఇది చదివే నర్సమ్మలు, ఏఎన్ఎంలు, ఆశా అక్కలు ఉంటే మీకూ చెబుతున్నాను. వారం రోజుల బిడ్డ పాలు తాగలేక చెమటలు పడుతుంటే, పాదాలు చల్లగా ఉంటే, ‘అజీర్తి’ అనో ‘దిష్టి’ అనో ఆగకండి. మూత్రం ఎన్నిసార్లు పోశాడో అడగండి.

మీ రేపటి ప్రయాణం దగ్గరికి వస్తాను, నా మటుకు ఆపరేషన్ ఎంత ముఖ్యమో ఈ 145 కిలోమీటర్లు అంత ముఖ్యం. హనుమకొండ నుంచి జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా ఉప్పల్ చేరేసరికి మూడు గంటలు, లోపల ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. మామూలు అంబులెన్సో సొంత కారో వద్దు. చంటిబిడ్డలను తీసుకెళ్ళే, ఒళ్ళు వెచ్చగా ఉంచే వార్మర్, వెంటిలేటర్ ఉన్న అంబులెన్స్ కావాలి. ఇందాక చెప్పినట్టు ఈ మందుకు ఊపిరి ఆగిపోయే గుణం ఉంది, పదిమందిలో ఒకరికి ఆగుతుంది, చిన్న బరువు వాళ్ళకు ఇంకా ఎక్కువ. కాబట్టి గొంతులో గొట్టం వేయడం వచ్చిన డాక్టర్ కచ్చితంగా బండిలో ఉండాలి. బయల్దేరే ముందు బాబుకు రెండు లైన్లు ఉన్నాయా అని అడగండి, ఒకటి పాడైతే మందు రెండోదాంట్లోకి మార్చడానికి. సిరంజి పంపు బ్యాటరీ ఫుల్ ఛార్జింగ్‌లో ఉందా, రెండో సిరంజి నింపి సిద్ధంగా ఉందా అడగండి. అడిగితే కోపం చేసుకోరు, మంచి టీమ్ అయితే సంతోషిస్తారు. మందు అంపుల్స్ ఫ్రిజ్‌లో ఉంచేవి, వెంట తీసుకెళ్ళేవి ఐస్ ప్యాక్ డబ్బాలో పెట్టాలి. దారిలో పాలు పట్టకూడదు, మీ అత్తమ్మ చెంచాతో రెండు చుక్కలు పోస్తానన్నా ఒప్పుకోకండి. నోట్లోంచి ఊపిరితిత్తుల్లోకి పోతే ఆపరేషనే వాయిదా పడుతుంది. ఇంకొకటి, మీటర్‌లో కాలికి 90 చూపిస్తోందని ‘ఆక్సిజన్ ఇంకా పెంచండి’ అని ఒత్తిడి చేయకండి. ఎక్కువ ఆక్సిజన్ డక్టస్‌ను ముడుస్తుంది. ఈ బిడ్డల్లో కాలికి కాస్త తక్కువ ఉండటమే డక్టస్ పని చేస్తోందనడానికి గుర్తు.

అంబులెన్స్ కదిలే ముందే అవతలి ఆసుపత్రిలో ఎన్ఐసీయూ (పుట్టిన బిడ్డల ఐసీయూ) బెడ్ ఖాయమైందని, పీడియాట్రిక్ కార్డియాక్ సర్జన్ (పిల్లల గుండె ఆపరేషన్లు చేసే డాక్టర్) ఊళ్ళోనే ఉన్నారని మీ డాక్టర్‌తో ఫోన్ చేయించండి. పెద్దవాళ్ళ గుండె ఆపరేషన్లు రోజూ చేసే చోటు అయినంత మాత్రాన పసిబిడ్డలకు చేస్తారని కాదు. ‘నెలలోపు బిడ్డలకు మీ దగ్గర చేస్తారా, చేశాక చూసుకునే పిల్లల ఐసీయూ ఉందా’ అని ఆ మాటలతోనే అడగండి.

డబ్బు సంగతి. పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. 2023 డిసెంబర్ నుంచి మన రాష్ట్రంలో కుటుంబానికి పరిమితి 10 లక్షలు. బాబు పేరు కార్డులో ఇంకా ఎక్కలేదు కదా అని భయపడకండి, పుట్టిన బిడ్డను తల్లిదండ్రుల కార్డు మీదే చూస్తారు. హనుమకొండ ఆసుపత్రి నుంచి పుట్టిన తేదీ, బరువు, తల్లి పేరుతో కాగితం, డిశ్చార్జి సమ్మరీ, ఎకో రిపోర్టు, మీ ఇద్దరి ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు ఒక కవర్లో పెట్టుకోండి. వెళ్ళగానే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర ఎమర్జెన్సీ అని చెప్పండి, ఫోన్ మీద అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. నిమ్స్ లాంటి చోట పథకంలో రాని ఖర్చులకు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్ఓసీ (ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) తెచ్చుకుంటారు, దానికి మీ ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ఉత్తరం కావాలి. ఆ పనికి మీరు వెళ్ళకండి, మీ బావగారిని పంపండి. మీరు బిడ్డ దగ్గరే ఉండాలి, సంతకాలకు మీరే కావాలి. పరకాల పొలం అమ్మకానికి పెడదామా అని రాశారు. ఈ వారం ఆ ఆలోచనే వద్దు.

మీ అమ్మగారు గ్రహణం రోజు కోడలు బయట తిరిగిందని అంటున్నారట. గుండె, దాని పెద్ద నాళాలు గర్భంలో మొదటి ఎనిమిది వారాల్లోపే రూపం కట్టుకుంటాయి. నెల తప్పిందని నిర్ధారణ చేసుకుని మొదటి స్కాన్‌కు వెళ్ళేసరికే ఆ పని చాలావరకు అయిపోయి ఉంటుంది. మీ ఆవిడ తిన్నదీ, తిరిగిందీ దీనికి కారణం కాదు. వెయ్యి మంది బిడ్డలు పుడితే ఎనిమిది, తొమ్మిది మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. మీది మేనరికం కాదన్నారు. మేనరికంలో ఈ లోపాలు కొంచెం ఎక్కువ కనిపిస్తాయి, అయినా దగ్గరి సంబంధం లేని ఇళ్ళలోనే నేను ఎక్కువ మందిని చూశాను. వచ్చే కాన్పుకు ఐదో నెలలో టిఫాతో పాటు బిడ్డ గుండెకు విడిగా ఫీటల్ ఎకో చేయించండి, మళ్ళీ వచ్చే అవకాశం తక్కువే గానీ బయటివాళ్ళ కన్నా కాస్త ఎక్కువ. ఆడపిల్ల అయి ఉంటే టర్నర్ సిండ్రోమ్ (ఆడపిల్లల్లో వచ్చే ఒక ఎక్స్ క్రోమోజోమ్ లోపం) కోసం జన్యు పరీక్ష కూడా చేయించమనేదాన్ని, బాబు కాబట్టి దాని అవసరం లేదు.

పెద్దయ్యాక మామూలుగా ఉంటాడా అన్నారు. బడికి వెళ్తాడు, ఆడుకుంటాడు, కబడ్డీ కూడా ఆడుతున్న పిల్లలు నా దగ్గర ఉన్నారు. కానీ ‘ఆపరేషన్ అయింది, పనైపోయింది’ అని ఫైలు అటక మీద పడేయకండి. ఆపరేషన్ బాగా కుదిరినవాళ్ళకు కూడా తర్వాత తర్వాత బీపీ రావచ్చు. మొదటి ఏడాది వాళ్ళు రమ్మన్నప్పుడల్లా ఎకోకు, ఆ తర్వాత ఏటా ఒకసారి. బీపీ ఎప్పుడు చూసినా కుడి చేతికే చూడమనండి, కాలికి కూడా చూసి పోల్చమనండి. ఈ పిల్లల్లో సగం మందికి పైగా అయోర్టా కవాటానికి మూడు రెక్కలకు బదులు రెండే ఉంటాయి. ఇప్పుడు దానివల్ల ఇబ్బంది ఉండకపోవచ్చు, కానీ నలభై ఏళ్ళకు ఉండొచ్చు. అందుకని పెద్దయ్యాక కూడా గుండె డాక్టర్‌ను వదలకూడదు. టీకాలు అన్నీ వేయించాలి, ఏది ఎప్పుడన్నది డిశ్చార్జి రోజున అడిగి రాయించుకోండి.

చివరిగా మీ ఆవిడ గురించి. కుట్లు పచ్చిగా ఉన్నాయి, పురిటి మంచం దిగకూడదంటున్నారు, బిడ్డతో పంపాలా అని అడిగారు. రేపు అంబులెన్స్‌లో వద్దు. మీరు వెళ్ళండి. ఆమె రెండు మూడు రోజులు ఇక్కడే ఉండి, కుట్లు చూపించుకుని, తర్వాత కారులో వస్తుంది. కానీ బిడ్డ దగ్గర లేడని పాలు ఎండనివ్వకూడదు. ఈ రాత్రి నుంచే మూడు గంటలకోసారి, రాత్రి కూడా, పాలు పిండమనండి. మొదట్లో గిన్నె అడుగు తడిసేంతే వస్తాయి, నిరుత్సాహపడొద్దని చెప్పండి. శుభ్రంగా మరిగించిన గ్లాసులోకో స్టీలు గిన్నెలోకో పిండి, మూత పెట్టి, తేదీ టైమ్ రాసి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. ఆపరేషన్ అయిన రెండో రోజో మూడో రోజో ముక్కు గొట్టంలోంచి మొదటిసారి పాలు పడతారు, ఒక్కోసారి రెండు మిల్లీలీటర్లే. ఆ పాలు ఆమెవే అయితే ఆ పేగుకు అంతకన్నా మంచిది ఇంకొకటి లేదు.